కలుజు వెతుక్కుంటూ కొడైకెనాల్

"చెరువు చూసేదానికి ఆరువందల కిలోమీటర్లు పోవాల్నా? మన చెరువులన్నీ ఎండిపోయినాయా ఏం?"

కొడైకెనాల్ మాట ఎత్తగానే అత్తయ్య అన్న మాట ఇది. ఆవిడ పుట్టిల్లు వెంకటగిరి దగ్గర ఓ పల్లె. చెరువు కింద మూడెకరాల మాగాణి చూసుకుంటూ పెరిగిన మనిషి. ఆ మాగాణి అమ్మేసి ఇరవై ఏళ్లయినా, వాన పడితే తమ్ముడికి ఫోన్ చేసి ముందు అడిగేది చెరువు నిండిందా అనే. చివరికి ఆవిడను ఒప్పించింది మా చిన్నోడు. "నానమ్మా, అక్కడ చలికి నోట్లోంచి పొగ వస్తుందంట" అన్నాడు. ఆ పొగ సంగతేందో చూద్దామని బయల్దేరింది.

జనవరి 17, శనివారం: తిరుపతి – దిండిగల్

అసలు ముందురోజే బయల్దేరాల్సింది. "కనుమ నాడు కాకి కూడా కదలదు" అని అత్తయ్య అడ్డం పడింది. సరే, ముక్కనుమ తెల్లవారుజామున నాలుగింటికి కారెక్కాం. నేను, మా ఆయన, అత్తయ్య, పద్నాలుగేళ్ల పెద్దది, ఎనిమిదేళ్ల చిన్నోడు. కాళ్ల దగ్గర అరిసెల డబ్బా, నిప్పట్ల డబ్బా, పులిహోర గిన్నె.

మాకు తెలియని సంగతి ఒకటుంది. తమిళనాడులో ఆ రోజు కాణుం పొంగల్. అన్నం మూటలు కట్టుకుని చుట్టాలనూ, ఏట్లనూ, గుళ్లనూ చూడ్డానికి ఇంటిల్లిపాదీ బయటికొచ్చే రోజు. కాకి కదలని రోజు ఇంట్లో కూర్చుని, తమిళదేశమంతా కదిలే రోజు మేం రోడ్డెక్కామన్నమాట. వేలూరు దాటినప్పటి నుంచీ ప్రతి చింతచెట్టు కిందా ఒక వ్యాన్, ఒక చాప, నలుగురు పిల్లలు.

ఏడింటికి ఆంబూరు. రోడ్డుకు రెండు వైపులా బిర్యానీ బోర్డులే. అప్పుడే పొయ్యిల మీద దేగిసాలు ఎక్కిస్తున్నారు. మా ఆయన కారు కొంచెం నెమ్మదించాడు. వెనక సీట్లోంచి ఒకే మాట వినబడింది: "శనివారం." తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి ఆ మాట చాలు. గేరు మార్చాడు. కృష్ణగిరి దాటాక ఓ మామిడితోట పక్కన ఆగి పులిహోర తిన్నాం. అక్కడక్కడా పూత మొదలైంది.

సేలం ముందు తొప్పూరు దిగుడు. లారీలు చిన్న గేరులో, ఏనుగుల్లా ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. అవి దాటి నామక్కల్ చేరేసరికి పదకొండున్నర. అక్కడి ఆంజనేయుడు పద్దెనిమిది అడుగుల ఏకశిల, తల మీద కప్పు లేదు. ఎండా వానా ఆయనకే. ఎదురుగా కొండలో తొలిచిన గుడిలో ఉన్న నరసింహస్వామి వైపు చేతులు జోడించి నిలబడి ఉంటాడు. శనివారం, దానికి తోడు పండగ. అరగంట అనుకున్నది రెండున్నర గంటలైంది. బయటికొచ్చాక వడమాల ప్రసాదం చేతిలో పెట్టారు. గట్టిగా, మిరియాల ఘాటుతో, పళ్లకు పరీక్ష పెట్టే వడ. అత్తయ్య అది కొరుకుతూ, "ఈ ప్రయాణంలో ఇంకేం లేకపోయినా ఫరవాలేదు" అంది. కొడైకెనాల్‌కు ఇంకా సగం రోజు దారి ఉంది.

దిండిగల్‌లో రాత్రి గది 1,800 రూపాయలు. గది కింద సందంతా జీరక సాంబ బియ్యం వాసన. జీలకర్ర గింజంత సన్నటి ఆ బియ్యంతో చేసే బిర్యానీ ఈ ఊరి పేరుతోనే ఊళ్లన్నీ తిరిగింది. మా ఆయన కిటికీ తెరిచి కాసేపు నిలబడ్డాడు. తర్వాత అందరం ఇడ్లీ తినడానికి వెళ్లాం.

జనవరి 18, ఆదివారం: వత్తలగుండు, కనుమదారి, నాయుడుపురం

ఆదివారం కదా అని మా ఆయన హుషారుగా లేచాడు. అత్తయ్య ఫోన్‌లో పంచాంగం చూపించింది. అమావాస్య. తై అమావాస్య అక్కడివాళ్లకు పెద్దలకు నీళ్లు వదిలే రోజు కూడానూ. హుషారు అణిగిపోయింది.

కొండ కింద చివరి పెద్ద ఊరు వత్తలగుండు. బస్టాండు దగ్గర టీ తాగుతుంటే పూలమ్మే ఆవిడ ఒకామె మల్లెమూరలు ఎత్తి చూపించింది. "ఎంత చెప్తా ఉందో అడగరా" అని అత్తయ్య కొడుకుతో అంటుంటే, ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది.

"మీరు తెలుంగువాళ్లా? మేమున్ను తెలుంగే."

చదవడం రాయడం రాదట. ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం తెలుగేనట. వాళ్ల ముత్తాతల ముత్తాతలు ఎప్పుడు వచ్చారో వాళ్లకు గుర్తులేదు. మదురై నాయకరాజుల కాలం నుంచీ ఈ పక్కన తెలుగువాళ్లున్నారని పుస్తకాల్లో చదవడం వేరు, బస్టాండులో నిలబడి వినడం వేరు. ఆమె "రొండు మూరలు తీసుకోండి అక్కా" అంటే అత్తయ్య నాలుగు తీసుకుంది. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆమె మాటల్లో సగం నాకు పాతకాలపు తెలుగులా, సగం తమిళంలా వినబడింది. అత్తయ్యకు మాత్రం అంతా తెలుగే. మూర నలభై చెప్పి నాలుగింటికీ నూట ఇరవయ్యే తీసుకుంది. చిన్నోడి చేతిలో ఒక అరటిపండు పెట్టింది.

అక్కణ్ణుంచి కొండదారి యాభై కిలోమీటర్లకు పైనే. మామూలుగా రెండు గంటలు, మాకు నాలుగున్నర. పండగ సెలవుల చివరి రోజు కావడంతో దిగేవాళ్లు దిగుతున్నారు, ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, మలుపుల్లో బస్సులు ఒకదానికొకటి ముక్కులు ఆనించి నిలబడ్డాయి. అన్నిటికంటే నాకు నచ్చింది అక్కడి డ్రైవర్ల తీరు. హారన్ కొట్టి తిట్టుకోవడం లేదు. పై నుంచి వచ్చిన బస్సు డ్రైవరు చెయ్యి బయటపెట్టి వేళ్లతో లెక్క చూపిస్తాడు, "నా వెనక ఇంకా నాలుగు బండ్లున్నాయి" అని. కింది వాళ్లు నలుగురూ పోయేదాకా ఆగుతారు. తర్వాత వీళ్ల వంతు.

పెరుమాళ్ మలై దాటాక రోడ్డు పక్కనే సిల్వర్ కాస్కేడ్ జలపాతం. నూట ఎనభై అడుగుల నల్లటి బండ మీంచి తెల్లగా దిగుతోంది. అక్కడ ఇసుకేస్తే రాలనంత జనం. అత్తయ్య కారు దిగలేదు. "నీళ్లే కదా" అంది. ఈ మాట మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఊళ్లోకి పోయే ముందు తనిఖీ. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి కొడైకెనాల్‌కూ ఊటీకీ బండికి ఈ-పాస్ ఉండాలి. అది ఊరికే ఇస్తారు, మేం ముందే తీసుకున్నాం. మేం మరిచిపోయింది ప్లాస్టిక్ సంగతి. అయిదు లీటర్ల కంటే చిన్న సీసాలు అక్కడ నిషేధం. సీటు కింద ఆరు నీళ్ల సీసాలు దొరికాయి. సీసాకు ఇరవై చొప్పున నూట ఇరవై కట్టాం. అత్తయ్య ఇత్తడి చెంబును మాత్రం తనిఖీ ఆయన ఎత్తి చూసి, నవ్వి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

ఇక ఆ రోజు పెద్ద తప్పు నాది. ఫోన్‌లో మ్యాప్ చూస్తూ "ఇటు దగ్గర" అన్నాను. ఆ దగ్గర దారి నాయుడుపురం అనే పేటలోకి దిగి, ఇళ్ల మధ్య సన్నబడి, ఒకరి వంటింటి గుమ్మం దగ్గర అయిపోయింది. పేరు చూసి "మన పేరే" అని పడ్డ సంబరం ఎంతోసేపు నిలవలేదు. వెనక నిట్టనిలువు ఎత్తు. రివర్సులో రెండుసార్లు ప్రయత్నిస్తే క్లచ్ మాడిన వాసన. ఆ ఇంటాయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి, ఏమీ అడక్కుండా మా ఆయన్ని పక్క సీట్లోకి జరగమని సైగ చేసి, తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ వెనక్కి చూసుకుంటూ ఒక్క ఊపులో బండిని రోడ్డెక్కించాడు. డబ్బు ఇవ్వబోతే "పొంగల్ సార్" అని చేతులూపాడు. అరిసెలు ఇచ్చాం. అవి తీసుకున్నాడు. వాళ్లావిడ వాసన చూసి "అదిరసం" అంది. ఆ పేరు మనకూ బాగానే ఉంది.

మేం దిగింది ఒక ఇంటి పైభాగం, రోజుకు 3,500. పొయ్యి కట్టెలకు వేరే మూడొందలు. చలికి నోట్లోంచి పొగ నిజంగానే వచ్చింది. చిన్నోడు, నానమ్మ ఎదురెదురుగా కూర్చుని ఎవరి పొగ ఎక్కువని పోటీ పెట్టుకున్నారు. అమావాస్య కావడంతో, మంచు కాస్త విడిన తొమ్మిదింటప్పుడు ఆకాశం నిండా చుక్కలు. తిరుపతిలో అన్ని చుక్కలు చూసి ఎన్నేళ్లయిందో.

జనవరి 19, సోమవారం: చెరువు

పొద్దున్నే ఏడింటికి సరస్సు దగ్గరికి వెళ్లాం. నీళ్ల మీద పొగమంచు పాలమీగడలా తేలుతోంది. పెద్దది ఫోన్‌లో చదివి వినిపించింది. మదురై మైదానాల జ్వరాలకు తట్టుకోలేక 1845లో అమెరికన్ మిషనరీలు ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారని, 1863లో లెవింజ్ అనే మదురై కలెక్టరు వాగుకు కట్ట వేయించి ఈ సరస్సు చేయించాడని, అరవై ఎకరాలని.

అత్తయ్య ఠక్కున ఆగింది. "కట్ట వేయించినాడా? అంటే ఇది చెరువే!"

అంతవరకూ వెనకబడి నడిచిన మనిషి ముందుకొచ్చింది. పెద్దది ఫోన్‌లో పై నుంచి తీసిన బొమ్మ చూపించి "నక్షత్రం ఆకారంలో ఉంటుంది నానమ్మా" అంటే, "చుక్కా లేదు పాడూ లేదు, ఆముదపాకు మాదిరి ఉంది. కొండల నడాన కట్ట ఏస్తే నీళ్లు వంకవంకకూ ఎక్కుతాయి. ఒక్కో వంక ఒక్కో కొన" అని తేల్చేసింది. ఇన్నేళ్లుగా నక్షత్రం నక్షత్రం అని అందరూ రాస్తున్నారు గానీ ఎందుకలా ఉందో ఇంత సులువుగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

పిల్లలకు గంటకు వంద చొప్పున రెండు సైకిళ్లు తీసిచ్చాం. చుట్టూ దారి అయిదు కిలోమీటర్ల దాకా ఉంటుంది. మేం ముగ్గురం నడిచాం, అంటే ఆగి ఆగి నడిచాం. ప్రతి మూలా అత్తయ్య కట్ట ఎక్కడుంది, తూము ఎక్కడుంది, కలుజు ఎక్కడుంది అని వెతుకుతోంది. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటును మేం మరవ అంటాం. అత్తయ్య వాళ్ల వైపు కలుజు అంటారు. ఉడికించిన మొక్కజొన్న యాభై, టీ ఇరవై. అవి తాగుతూ తింటూ కూర్చున్న చోట గుర్రం పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. సవారీ కావాలా అని తమిళంలో అడిగాడు. అత్తయ్య ఆయన్ని తెలుగులోనే అడిగింది.

"అన్నా, ఈ చెరువుకు కలుజు ఏడుంది?"

మా ఆయన తమిళంలో చెప్పబోయేలోగా ముసలాయన కనుబొమ్మలు పైకెత్తాడు. "కలింగా?"

"ఆఁ, కలింగే!"

వాళ్ల కలింగు, మా అత్తయ్య కలుజు ఒకటే. ముసలాయన ముఖం వెలిగిపోయింది. రోజూ వందమంది ఆయన్ని గుర్రం రేటు అడుగుతారు, ఇలాంటిది ఎవరూ అడిగి ఉండరు. కట్ట ఉన్న వైపు చెయ్యి చూపించి, నీళ్లు అక్కడ పొర్లి, లోయలో పడి, కిందికి పోతాయని చేతులతో దారి గీశాడు. చివర్లో "వెళ్లి అరువి" అన్నాడు.

"వెళ్లి? ఏడికి వెళ్లి?" అంది అత్తయ్య.

తమిళంలో వెళ్లి అంటే వెండి, అరువి అంటే జలపాతం. నిన్న కారు దిగకుండా చూసీచూడనట్టు దాటేసిన సిల్వర్ కాస్కేడ్ ఈ చెరువు కలుజు నీళ్లే. అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పోయేటప్పుడు ఆపండి" అంది.

మధ్యాహ్నం పూంబారై. ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపే, కానీ మలుపుల వల్ల గంట పట్టింది. రోడ్డు మీంచి కిందికి చూస్తే మెట్లు మెట్లుగా మళ్లు, మధ్యలో కుప్పపోసినట్టు ఇళ్లు, నడిమధ్య కుళందై వేలప్పర్ అనే మురుగన్ గుడి. ఇక్కడి కొండ వెల్లుల్లికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుడి ముందు అరుగు మీద ఒకావిడ అమ్ముతుంటే అత్తయ్య ఒక పాయ వలిచి, చితిపి, వాసన చూసి, కొరికి, కళ్లనీళ్లు తుడుచుకుని "రెండు కిలోలు కట్టమ్మా" అంది. కిలో నాలుగొందలు. తిరుపతి చేరేదాకా కారంతా అదే వాసన. ఇది రాస్తున్నప్పుడు కూడా డిక్కీ తెరిస్తే కొడుతోంది.

మిగతా చోట్ల గురించి పెద్దగా చెప్పను. స్తంభాల రాళ్ల దగ్గర మంచు తప్ప ఏమీ కనబడలేదు. గుహల దగ్గర ఉన్న క్యూ చూసి వెనక్కి తిరిగాం. పెద్దదానికి సౌర పరిశోధనశాల మీద మోజు. 1909లో సూర్యుడి మచ్చల్లో వాయువుల కదలికను ఎవర్‌షెడ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది అక్కడేనట. ఆ రోజంతా సూర్యుడే కనబడలేదు. కొండ అంచున 1872 నాటి నడకదారి కోకర్స్ వాక్ మీద సాయంత్రం ఒక్క అయిదు నిమిషాలు మంచు తెర తొలగింది. కింద మైదానం, దూరంగా ఓ చెరువు పలకలా మెరుస్తూ. "అదీ చెరువే" అంది అత్తయ్య.

చాక్లెట్ల కొట్టులో తొమ్మిదొందలు వదిలాయి. నీలగిరి తైలం అసలుదో నకిలీదో ఎవరికీ తెలియదు, అయినా అందరూ కొంటారు. మేమూ కొన్నాం. రాత్రికి మా ఆయన ఒకసారి నా వైపు చూశాడు. నేనే చెప్పాను: "సోమవారం."

జనవరి 20, మంగళవారం: వెండి నీళ్లు, పళని, ఆంబూరు

ఏడున్నరకల్లా జలపాతం దగ్గర ఉన్నాం. జనం లేరు. కోతులు మాత్రం ఉన్నాయి. ఒకటి చిన్నోడి చేతిలోని చివరి అరిసెను లాక్కుని గోడెక్కి, తీరిగ్గా తిని, వేళ్లు నాక్కుంది. అత్తయ్య కారు దిగి, మోకాళ్లు పట్టుకుంటూ రెయిలింగు దాకా వెళ్లింది. చాలాసేపు పైకి చూసింది. తర్వాత పుట్టింటికి ఫోన్ చేసింది. "ఒరే, ఇక్కడ చెరువు కలుజు పారతా ఉండాదిరా. జనం టిక్కెట్టు పెట్టుకోని చూసేటంత బాగుండాది." టిక్కెట్టు ఏమీ లేదు. ఎవరం సరిదిద్దలేదు.

పెరుమాళ్ మలై దగ్గర పళని దారి పట్టాం. అరవై కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కిన దారి కంటే జనం తక్కువ, కాఫీ తోటలు ఎక్కువ. కొండ దిగగానే నడిచి వస్తున్న భక్తులు కనబడ్డారు. మురుగన్ పండగ తైపూసానికి ఇంకా పన్నెండు రోజులున్నా, ఆకుపచ్చ బట్టలతో, భుజాన కావళ్లతో, చెప్పుల్లేకుండా రోడ్డు వారగా బారులు. ఊళ్లవాళ్లు గుమ్మాల ముందు మజ్జిగ కుండలు పెట్టుకుని నిలబడ్డారు. కారు ఆపి మాకూ ఇచ్చారు. మేం నడవడం లేదని చెబితే, "దాహం నడిచేవాళ్లకే వేస్తుందా" అన్నట్టు ఏదో అని గ్లాసు నింపేశారు.

కొండ మీదికి పిల్లలు మెట్లెక్కారు, మేం అత్తయ్యతో వించ్, అంటే తాడుతో కొండ మీదికి లాగే బండి, క్యూలో గంటంపావు. పంచామృతం డబ్బాలు నాలుగు కొన్నాం. కొండ అరటిపళ్లు, బెల్లం, నెయ్యి, తేనె, ఖర్జూరం, కలకండ. చుక్క నీళ్లు కలపరు కాబట్టే అన్నాళ్లు నిలవుంటుంది.

తిరుగు దారి అంతా రోడ్డే, చెప్పడానికేం లేదు. రాత్రి ఎనిమిదిన్నరకు ఆంబూరు. ఇప్పుడు దేగిసాలు సగం ఖాళీ. ఎండుమిరపకాయల ముద్ద వేసి వండిన ఆ ఎర్రటి అన్నం వాసన వెనక సీటు దాకా వచ్చింది. మంగళవారం, పళని సుబ్రహ్మణ్యుడి దర్శనం చేసుకుని వస్తున్నాం. మా ఆయన ఈసారి కారు నెమ్మదించను కూడా లేదు.

"ఆపరా" అంది అత్తయ్య. "పార్సిలు కట్టించుకో. పన్నెండు దాటితే బుధవారమే కదా."

నాలుగు పొట్లాలు, పక్కన వంకాయ కూర, ఉల్లిపాయల పెరుగు. పదకొండూ నలభైకి ఇంట్లో ఉన్నాం. పొట్లాలు టేబులు మీద, మేం ఐదుగురం చుట్టూ, గోడ గడియారం ఎదురుగా. చిన్నోడు కుర్చీలోనే నిద్రపోయాడు. అత్తయ్య వెల్లుల్లి సంచి విప్పి గడ్డలు చాట మీద ఆరబోస్తూ ఉన్నట్టుండి తలెత్తింది.

"కలుజు చూసినాం గానీ, ఆ చెరువుకు తూము ఏడుందో అడగనే లేదు చూడు."

పన్నెండు దాటింది. చిన్నోణ్ణి లేపాం.